పెద్ద ప్రెస్సుకి రాసిన ఆయుష్షు

లెక్కలాయనకి తోడల్లుడంటే గిట్టదు. ఈ మాట ఆయన ఏనాడూ పైకి అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. తోడల్లుడి ప్రస్తావన వస్తే చాలు, కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెడతాడు. దాని మీద దుమ్ము ఉండదు. ఆయన భార్య ఈ సంగతి పెళ్ళయిన మూడో ఏటే కనిపెట్టింది. కనిపెట్టి, చూసీ చూడనట్టు ఊరుకోవడం నేర్చుకుంది.

పోనీ ఇద్దరూ చెరో చోట ఉంటారా అంటే, అదీ లేదు. ఒకటే కంపెనీ. సీసాల మూతలు చేసే కంపెనీ. రేకు ఒక వైపు నుంచి లోపలికి వెళ్తుంది, మూతలు రెండో వైపు నుంచి గలగలా రాలతాయి. పై అంతస్తులో అకౌంట్స్, కింద ప్రెస్సుల షెడ్డు. పైన ఈయన, కింద ఆయన మరదలి మొగుడు, ఫోర్‌మన్. అన్నిటికన్నా మంట పుట్టించే విషయం ఏమిటంటే, అతనికి ఆ ఉద్యోగం వేయించింది ఈయనే. అత్తగారు అడిగింది, కాదనలేకపోయాడు. తలనొప్పిని చేజేతులా పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాడు.

లెక్కలాయన చేసే పని చాలామందికి అర్థం కాదు. కంపెనీకి ఉన్న స్థలం, షెడ్లు, యంత్రాలు, వ్యాన్లు, బల్లలు, ఫ్యాన్లు, అన్నిటికీ ఆయన దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఏది ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎన్నేళ్ళు పనికొస్తుంది, ఈ ఏడాదికి అందులో ఎంత తరిగింది, ఇంకా ఎంత మిగిలింది. ప్రతిదానికీ ఒక నంబరు రేకు కొట్టి ఉంటుంది. ఏటా ఆ నంబర్లు పట్టుకుని షెడ్డంతా తిరిగి, వస్తువు ఉన్నదీ లేనిదీ స్వయంగా చూసుకుంటాడు. అదంతా కలిపి చివరికి ఒకే ఒక్క పట్టికగా తయారుచేస్తాడు. కంపెనీ వార్షిక నివేదికలో యాభై ఏడో పేజీ. తొమ్మిదేళ్ళలో అందులో ఒక్క అంకె తప్పు పోలేదు. అయితే ఏం లాభం, దాన్ని చదివేది ఆడిటరూ, బ్యాంకువాళ్ళు ఇద్దరు ముగ్గురూ. కిందటిసారి అచ్చువేసే అతను ఫోన్ చేసి, "ఈ పేజీ అక్షరాలు కాస్త చిన్నవి చేసుకోవచ్చా సార్, ఎలాగూ ఎవరూ చూడరుగా" అన్నాడు.

ఈసారి నివేదిక అత్తగారింటికి పోస్టులో వచ్చింది. మామగారు పోయే ముందు భార్య పేర ఓ యాభై షేర్లు కొని పెట్టాడు, ఆ లెక్కన ఆవిడ కూడా కంపెనీకి యజమానురాలే. ఆదివారం మధ్యాహ్నం అల్లుళ్ళిద్దరూ, కూతుళ్ళిద్దరూ భోజనానికి వచ్చేసరికి పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టుకుని కూర్చుంది. అట్ట తిప్పగానే మొదటి పేజీ అంతా ఫోర్‌మన్ బొమ్మ. పెద్ద ప్రెస్సు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో, "మా చేతుల్లో మళ్ళీ కొత్తదైన పెద్ద ప్రెస్సు" అని రాశారు.

"చూశావా పెద్దబాబూ, మన చిన్నబాబు ఎంత బాగా పడ్డాడో," అంది అత్తగారు.

"ఆఫీసులోనే చూశానండీ అత్తయ్యా."

"మరి నీ బొమ్మ ఏ పేజీలో ఉంది?"

"నాకు బొమ్మ ఉండదండీ. నాది యాభై ఏడో పేజీ."

ఆవిడ ఓపిగ్గా పేజీలు తిప్పుకుంటూ అక్కడిదాకా వచ్చింది. చాలాసేపు చూసింది. "ఇదేమిటయ్యా, ఎక్కాల పుస్తకంలా ఉంది," అంది చివరికి.

లెక్కలాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. అయినా అడిగింది కాబట్టి చెబుదామనిపించింది. తొమ్మిదేళ్ళలో ఇంట్లో ఒకళ్ళు ఆ పేజీ గురించి అడగడం అదే మొదలు.

"మీ కుట్టుమిషన్నే తీసుకోండి. కొన్నప్పుడు పదివేలు అనుకుందాం. పదేళ్ళు పనిచేస్తుందనుకున్నాం. కొన్న ఏడాదే పదివేలూ ఖర్చని రాసేస్తే ఆ ఏడు ఇల్లు దివాలా తీసినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మిషన్ ఎవరో ఊరికే ఇచ్చినట్టు కనిపిస్తుంది. రెండూ అబద్ధమే. అందుకని ఏడాదికి వెయ్యి చొప్పున పదేళ్ళు రాస్తాం. దాన్నే తరుగుదల అంటారు."

"పదేళ్ళు అయిపోయాక?"

"అయిపోయాక పుస్తకంలో దాని విలువ ఒక్క రూపాయి. ఉందన్న గుర్తు కోసం."

"రూపాయా? దాని మీద కుట్టే కదయ్యా ఈ ఇద్దరినీ పెంచాను."

"అది పుస్తకంలో విలువండీ. పనికి విలువ కాదు. స్థలం ఉందనుకోండి, అది అరగదు కాబట్టి దానికి తరుగుదలే రాయం. ఇక యంత్రాలు అంటారా..."

"పెద్ద ప్రెస్సు కూడా అంతే అత్తయ్యా," అని మధ్యలో అందుకున్నాడు ఫోర్‌మన్. "అన్నయ్యగారి లెక్కలో అది పోయి నాలుగేళ్ళయింది. దినం కూడా చేసేశారు. మా షెడ్డులో మాత్రం రోజుకి మూడు షిఫ్టులు చేస్తోంది."

అందరూ విరగబడి నవ్వారు. అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లెక్కలాయన భార్య కూడా నవ్వింది, ఇటు చూసి నవ్వు ఆపుకుంది. ఆ ఆపుకోవడం చూసి ఈయనకి మరీ ఒళ్ళు మండింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది తను. ఒక్క జోకేసి మెప్పు కొట్టేసింది వాడు. ఎప్పుడూ ఇంతే. పెళ్ళిలో ఇంతే, బారసాలలో ఇంతే, మామగారు పోయినప్పుడు కూడా ఇంతే. ఆసుపత్రి బిల్లులన్నీ సరిచూసి ఎక్కువ వేసినవి తగ్గించింది ఈయనైతే, అత్తగారు పట్టుకుని ఏడ్చింది అతని భుజం.

ఇంతకీ ఆ పెద్ద ప్రెస్సు కథ ఏమిటంటే, అది కంపెనీలో అన్నిటికన్నా పాత యంత్రం. నిమిషానికి అరవై దెబ్బలు కొట్టడం కూడా గగనమైపోయి, రేపో మాపో ఆగిపోతుందనుకున్న సమయంలో ఫోర్‌మన్ చైర్మన్ దగ్గరికి వెళ్ళి, నాకు నలభై రోజులూ ముప్పై లక్షలూ ఇవ్వండి అని అడిగాడు. ఏడాది మొదట్లోనే, ఆ నివేదిక ఇంకా అచ్చుకి వెళ్ళకముందే పని పెట్టుకుని లోపలి షాఫ్టు మార్చాడు, క్లచ్చు మార్చాడు, కరెంటు ప్యానెల్ మొత్తం కొత్తది వేశాడు. నలభై రోజులు ఇంటికి సరిగ్గా వెళ్ళలేదు. నలభై ఒకటో రోజు స్విచ్చి నొక్కితే ప్రెస్సు నిమిషానికి వంద దెబ్బలు కొట్టింది. చైర్మన్ అందరి ముందూ అతని వీపు తట్టి, "ఈ ఏడాది నీ సెక్షన్ లాభం చూపించిందంటే వర్క్స్ మేనేజరు కుర్చీ నీదే," అన్నాడు.

ఆ మాట అయిన అయిదు నిమిషాలకి ఫోర్‌మన్ గ్రీజు చేతులతోనే మెట్లెక్కి పైకి వచ్చాడు.

"అన్నయ్యా, ముందు మీకే చెబుతున్నాను. ఇంకా ఇంట్లో కూడా చెప్పలేదు."

"మంచిదే," అన్నాడు లెక్కలాయన. ఆయన అకౌంట్స్ ఆఫీసరు అన్న చిన్న హోదా కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ప్రతి ఏడూ చైర్మన్ "వచ్చే ఏడు చూద్దాంలే" అంటాడు. వీడేమో నలభై రోజులు బోల్టులు విప్పి బిగించి ఏకంగా మేనేజరు కుర్చీకి గురి పెట్టాడు.

అప్పటినుంచి ఇంట్లో అదే గొడవ.

"కంపెనీ కారు కూడా ఇస్తారట చెల్లెలు వాళ్ళకి," అని భార్య ఒకసారి.

"నిన్ను అడిగానా?"

"అడగలేదులెండి. నా నోటికి పనిలేక అన్నాను."

ఏడాది చివరికొచ్చింది. ఫోర్‌మన్ పెట్టిన ముప్పై లక్షల బిల్లులు అప్పటిదాకా ఒక విడి ఖాతాలో పడి ఉన్నాయి, ఎటు రాయాలో ఆఖరున తేల్చుకుందామని. తేల్చవలసింది లెక్కలాయన. లెక్కలు నేర్చుకునే పిల్లకాయలకి సైతం తెలిసిన సూత్రం ఇది. యంత్రం ఎప్పటిలా తిరగడానికి చేసిన ఖర్చయితే మరమ్మతు, ఆ ఏడాది ఖర్చులోకి పోతుంది. యంత్రానికి ఆయుష్షు పెంచినా, అంతకు ముందు చేయలేని పని దానిచేత చేయించినా అది మరమ్మతు కాదు, ఆస్తి. దాని విలువలో కలిపి, పెరిగిన ఆయుష్షు మీద ఏడాదికింత చొప్పున తరుగుదల రాసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఈయనే.

పెద్ద ప్రెస్సుకి కనీసం పదేళ్ళ ఆయుష్షు పెరిగింది. ఆ విషయం ఆయనకి తెలుసు. స్వయంగా వెళ్ళి చూశాడు. ముప్పై లక్షలు పదేళ్ళకి పంచితే ఏడాదికి మూడు లక్షలు. సెక్షన్‌కి ఆ ఏడు ఇరవై లక్షలు మిగిలాయి. మూడు తీసేస్తే పదిహేడు లక్షల లాభం. ఫోర్‌మన్ మేనేజరు. అలా కాకుండా ముప్పై లక్షలూ మరమ్మతు అని రాసేస్తే? పది లక్షల నష్టం. ఫోర్‌మన్ ఫోర్‌మన్‌గానే ఉంటాడు.

మధ్యాహ్నం మూడు గంటలవేళ, పక్క సీట్లో అమ్మాయి టీకి వెళ్ళినప్పుడు, ఆయన వోచరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సమర్థించుకోవడానికి మాటలు బోలెడు దొరికాయి. ప్రెస్సు పాతదే కదా, నంబరు రేకు కూడా పాతదే. జాగ్రత్త కోసం ఖర్చు ఎక్కువ చూపించడం నేరం కాదు కదా. పదేళ్ళు తిరుగుతుందని ఎవడు హామీ ఇచ్చాడు. ఇవన్నీ ఒట్టి మాటలు. అసలు సంగతి ఒకటే. వాడు ఆ కుర్చీలో కూర్చోవడం తను చూడలేడు. వాడి కారు గేటు దాటుతుంటే తను పక్కకి తప్పుకుని నిలబడలేడు. అత్తగారు "మా మేనేజరు అల్లుడు" అనడం చెవులారా వినలేడు. కలం తీసి రాశాడు. "పెద్ద ప్రెస్సు మరమ్మతు ఖర్చు, ముప్పై లక్షలు." కింద సంతకం పెట్టాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తప్పని తెలిసి రాసినా, అక్షరం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

ఆడిటరు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. వచ్చిన రెండో రోజే ఆ పద్దు మీద పెన్సిలు ఆనించి, "ముప్పై లక్షలు మరమ్మతా?" అన్నాడు. లెక్కలాయన ముందున్న కాగితాలు సర్దాడు.

"పాత యంత్రం సార్. కాస్త పెద్ద రిపేరు."

"సరే, టెక్నికల్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక లెటరు తెప్పించుకుంటాను. ఆయుష్షు పెరిగిందా లేదా వాళ్ళే చెప్పాలి."

మూడు రోజులు ఆయనకి తిండి సయించలేదు. టెక్నికల్ వాళ్ళంటే ఎవరు? ఫోర్‌మనే. అతను ఉన్నది ఉన్నట్టు రాస్తే తన పని అయిపోయినట్టే. నాలుగో రోజు ఆడిటరు ఆ పద్దు పక్కన టిక్కు కొట్టేశాడు. "లెటరు వచ్చింది, క్లియర్," అన్నాడు. ఎవరు రాశారు, ఏమని రాశారు, లెక్కలాయన అడగలేదు. అడిగితే ఫైలు తెరిచి చూపిస్తాడేమోనని భయం. గండం గట్టెక్కింది, చాలు అనుకున్నాడు.

చైర్మన్ కాగితం చూసి, "పది లక్షలు నష్టమా?" అని పెదవి విరిచాడు. ఫోర్‌మన్ భుజం మీద చెయ్యి వేసి, చూద్దాంలే అన్నాడు. నెల తిరక్కుండా బయటినుంచి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. కారు అతనికి ఇచ్చారు. లెక్కలాయన చంకలు గుద్దుకోలేదు కానీ, ఆ నెలంతా అన్నం మాత్రం బాగా సయించింది.

ఆ వచ్చిన ఆదివారం అత్తగారింట్లో మరదలు పక్కకి పిలిచింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బావగారూ, మీరు లెక్కల్లో ఉన్నారు కదా. ఎక్కడ దెబ్బ తిందో మీకే తెలియాలి. ఈయన్ని అడిగితే ఒక్క ముక్క చెప్పడం లేదు."

"ఖర్చులు ఎక్కువయ్యాయమ్మా," అన్నాడు. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదని తనకి తాను చెప్పుకున్నాడు. ఎదురుగా నిలబడిన ఆ మొహం చూడలేక నీళ్ళకని వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

ఫోర్‌మన్ మాత్రం ఏమీ అడగలేదు. ఒక్క మాట కూడా. మెట్ల మీద ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయేవాడు. ఇదివరకటి జోకులు తగ్గిపోయాయి.

కొత్త మేనేజరు చురుకైన మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ కాగితాల మీద పడ్డాడు. షెడ్డులోకి పెద్దగా వెళ్ళేవాడు కాదు, రిజిస్టరు మాత్రం మొదటినుంచి చివరిదాకా చదివాడు. తన రిజిస్టరుని అంత శ్రద్ధగా చదివిన మొదటి మనిషి అతనే కాబట్టి లెక్కలాయనకి ముచ్చటేసింది కూడా. ఆరు నెలలు గడిచాక ఒక ఉదయం చైర్మన్ గదిలో సమావేశం పెట్టారు. బల్ల చుట్టూ చైర్మన్, కొత్త మేనేజరు, ఆడిటరు, లెక్కలాయన. తలుపు దగ్గర కుర్చీలో ఫోర్‌మన్.

"కాలం తీరిపోయిన ఆస్తులు పదకొండు ఉన్నాయి," అని మొదలుపెట్టాడు కొత్త మేనేజరు. "ఇనుము తూకానికి అమ్మేసి చోటు ఖాళీ చేద్దాం. మూడో వరుస, పెద్ద ప్రెస్సు. పుస్తకంలో విలువ ఒక్క రూపాయి. ఆయుష్షు అయిపోయి అయిదేళ్ళు. దీని స్థానంలో కొత్తది తెప్పిద్దాం, రెండు కోట్లు. రావడానికి ఆరు నెలలు పడుతుంది. అందాకా ఆ సెక్షన్‌లో పద్నాలుగు మందికి పని ఉండదు, వాళ్ళ సంగతి వేరే చూడాలి."

"సార్, అది బాగానే తిరుగుతోంది," అన్నాడు ఫోర్‌మన్. "ఇంకా పదేళ్ళు ఢోకా లేదు."

"అదేంటండీ, ఆయుష్షేమీ పెరగలేదని మీరే రాసిచ్చారుగా." కొత్త మేనేజరు ఫైల్లోంచి ఒక కాగితం తీసి చదివాడు. "సదరు యంత్రముపై జరిపిన వ్యయము యథాస్థితిని పరిరక్షించుటకు మాత్రమే ఉద్దేశింపబడినదనియు, దాని మిగులు ఉపయోగ కాలమునందు గాని, భావి ప్రయోజనములందు గాని ఎట్టి వృద్ధియు సంభవింపలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కింద మీ సంతకం. కాదంటారా?"

ఫోర్‌మన్ మొహం కందిపోయింది. కాదనలేదు, అవుననలేదు. లెక్కలాయన వైపు అసలు చూడలేదు.

లెక్కలాయన ఆ కాగితం వైపు చూశాడు. ఈ ఉత్తరమా ఆడిటరుకి వెళ్ళింది. వాడికి ప్రెస్సు సంగతి తనకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా తన సంతకానికి ఎదురు చెప్పలేదు. తనని కాపాడి, చేతికొచ్చిన కుర్చీ వదులుకుని, ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. అలా అనుకోగానే ఆయనకి కలగవలసింది సిగ్గు. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు ఆ పాత మంటే లేచింది. ఇక్కడా వీడే. మంచితనంలో కూడా వీడే ముందా. బొమ్మా వీడిదే, అత్తగారూ వీడి వైపే, ఆఖరికి ఈ త్యాగం కూడా వీడిదేనా. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. వోచరు ఉంది, ఉత్తరం ఉంది, ఆడిటరు టిక్కు ఉంది. ప్రెస్సు ఇనుము కింద పోతుంది. కానీ జీవితాంతం వీడి ముందు చిన్నవాడిగా నిలబడాలి. అది మాత్రం ఆయన వల్ల కాదు.

లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ ఉత్తరం తప్పు. దానికి మూలం నా వోచరు. అది ఇంకా తప్పు."

చైర్మన్ కళ్ళెత్తి చూశాడు.

"ఆ ముప్పై లక్షలు మరమ్మతు కాదు సార్. ప్రెస్సుకి పదేళ్ళ ఆయుష్షు వచ్చింది. అరవై దెబ్బలు కొట్టేది వంద కొడుతోంది. ఆస్తిలో కలపాలి. ఏడాదికి మూడు లక్షలు తరుగుదల పోగా, పోయిన ఏడాది ఆఖరుకి దాని విలువ ఇరవై ఏడు లక్షలు ఉండాలి. రూపాయి అని ఉందంటే నేను రాయబట్టి ఉంది. అది చూసి మేనేజరుగారు చచ్చిన యంత్రం అనుకున్నారు."

"అంటే పోయిన ఏడు ఆ సెక్షన్‌కి..."

"నష్టం లేదు సార్. పదిహేడు లక్షల లాభం."

ఆడిటరు తన పెన్సిలు వైపు చూసుకున్నాడు.

"తెలియక రాశావా?" అన్నాడు చైర్మన్.

తెలియక అంటే సరిపోయేది. ఒక్క మాటతో పోయేది.

"తెలిసే రాశాను సార్. మేనేజరు పోస్టు ఇతనికి రాకూడదని రాశాను."

ఆ తర్వాత జరిగినదంతా పది నిమిషాల్లో అయిపోయింది. పెద్ద ప్రెస్సు పేరు జాబితాలోంచి కొట్టేశారు. పోయిన ఏడాది అంకెలు తప్పని ఈ ఏటి నివేదికలో ఒప్పుకుని సరిచేయాలన్నాడు ఆడిటరు. రిజిస్టరు పక్క సీటు అమ్మాయికి అప్పగించమన్నారు. నీ సంగతి వారం తర్వాత చెబుతాను, ఇంటికి వెళ్ళు అన్నాడు చైర్మన్, మొహం చూడకుండా. కొత్త మేనేజరుకి మూడేళ్ళ ఒప్పందం ఉంది. అతన్ని కదిలించే మాట ఎవరూ ఎత్తలేదు.

మెట్ల మలుపులో ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. కింద ప్రెస్సు చప్పుడుకి గోడ అదురుతోంది.

"నాకు పోస్టు రాకూడదని రాశారా అన్నయ్యా?"

"అవును."

"నేనేం చేశాను మీకు?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే ఇంకా మండింది." లెక్కలాయన గోడకి ఆనుకున్నాడు. "నిన్ను చూస్తే ఓర్వలేను. మొదటినుంచీ ఓర్వలేను. ఇందాక కూడా నేను మంచివాణ్ణయిపోయి లేచి నిలబడలేదు. నువ్వు నన్ను కాపాడుతూ ఆ సంతకం పెట్టావు చూడు, ఆ గొప్ప కూడా నీకే దక్కడం చూడలేక లేచాను."

ఫోర్‌మన్ అయోమయంగా చూశాడు.

"కాపాడటమా? ఎవర్ని, మిమ్మల్నా?"

"మరి ఆ ఉత్తరం?"

ఫోర్‌మన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చేతిలో ఉన్న గుడ్డపేలికతో వేళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"ఆ ఉత్తరం ఆడిటరు టైపు చేయించి, సంతకం పెట్టమని మీ పై అంతస్తు నుంచే పంపాడు. మీ వోచరు జతచేసి ఉంది. నాలుగుసార్లు చదివాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఏదో మామూలు కాగితం అనుకున్నాను. దాని వల్లే నా పోస్టు పోయిందని ఇందాక మీరు చెప్పేదాకా తెలియదు."

"అర్థం కాకపోతే నన్ను అడగొచ్చుగా. పది మెట్లెక్కితే వచ్చేవాడివి."

"మిమ్మల్నా?" ఈసారి అతని గొంతు లేచింది. "ఇంటికి ఏ కాగితమొచ్చినా మీ మరదలు ఏమంటుందో తెలుసా? బావగారికి చూపించండి. ఇంటి లోను కాగితమా, బావగారికి చూపించండి. పిల్ల స్కూలు ఫారమా, మీకేం తెలుస్తుంది, బావగారు చూస్తారు. పన్నెండేళ్ళు విన్నాను అన్నయ్యా. మా అత్తయ్య నా జోకులకి నవ్వుతుంది, మామగారి ఆసుపత్రి కాగితాలు మాత్రం మీ చేతిలో పెట్టింది. నేనక్కడే ఉన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. నా చేతులే కాదు, బుర్ర కూడా గ్రీజే అనుకుంటారు అందరూ. ఆ రోజు మెట్లదాకా వచ్చాను, మిమ్మల్ని అడుగుదామని. పైన మీరు కళ్ళజోడు పెట్టుకుని రాసుకుంటూ కనిపించారు. ఒళ్ళు మండింది. ఒక్క కాగితమైనా మిమ్మల్ని అడక్కుండా నేనే చదివి సంతకం పెట్టాలనిపించింది. వెనక్కి వెళ్ళి పెట్టేశాను."

లెక్కలాయన చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మీ మీద కుళ్ళుతో పెట్టాను," అన్నాడు ఫోర్‌మన్. "ఆ కుర్చీలో ఇవాళ ఆయనెవరో కూర్చున్నాడంటే, మనిద్దరం చెరో సంతకం పెట్టి కూర్చోబెట్టాం."

అతను గుడ్డపేలిక జేబులో కుక్కుకుని కిందికి దిగిపోయాడు. లెక్కలాయన మెట్ల మలుపులోనే ఉండిపోయాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది, ఆదివారానికి అత్తగారికి తెలుస్తుంది, మరదలి మొహం ఎలా చూడాలో తెలియదు. వీటన్నిటికీ ఏడుపు రావలసిన మనిషికి, లోపల ఎక్కడో చల్లగా, హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ వీడు నన్ను చూసి కుళ్ళుకున్నాడు, నన్ను చూసి. ఆ సంతోషం ఏమిటో పోల్చుకున్నాకనే ఆయనకి ఏడుపొచ్చింది.